కొరాపుట్ చలిలో వేడి వేడి పంచ్

డిసెంబరు వచ్చిందంటే మా సునాబెడలో పొద్దు వాలకముందే స్వెట్టర్లు వేసుకోవాల్సిందే. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి కొండ, 1,672 మీటర్లది, మాకు దగ్గరే. ఏడాది చివర్లో సాలూరు నుంచి అక్కా బావా వస్తామన్నారు. ఈసారి చల్లటి సీసాలు వద్దు, వైన్, రమ్ము, కమలాల రసం కలిపి వేడివేడిగా పంచ్ చేద్దాం అనుకున్నాను. జర్మనీలో చలికాలం వైన్‌ను దినుసులతో కాచి తాగుతారు, స్వీడన్‌లో అందులో బాదం, కిస్‌మిస్ కూడా వేస్తారు. ఇంత చలి ఉన్న మన కొండల మీద దాన్ని ఎందుకు చేసుకోమో నాకు అర్థం కాదు. కావలసినవన్నీ ఇక్కడే దొరుకుతాయి. అల్లం చుట్టుపక్కల ఊళ్ళలో పండేదే. నాగ్‌పూర్ కమలాలు ఈ కాలంలో బజారు నిండా ఉంటాయి. బెల్లం అక్క అనకాపల్లిది తెచ్చింది.

వైన్ దగ్గరే కాస్త ఆలోచించాల్సి వచ్చింది. మా షాపులో ఎక్కువగా ఉండేది తియ్యటి పోర్ట్ రకం. దానికి మళ్ళీ తీపి కలిపితే పానకమే. వెతికి తీపి లేని నాసిక్ రెడ్ వైన్ తీసుకున్నాను, 750 మిల్లీల సీసా, 13 శాతం. ఖరీదైనది అక్కర్లేదు, దినుసుల ముందు వైన్‌లోని సున్నితమైన రుచులు ఎలాగూ నిలవవు. మీకు తియ్యటిదే దొరికితే బెల్లం సగానికి తగ్గించండి. రమ్ము మాత్రం నల్లదే, 150 మిల్లీలు. రమ్ము పుట్టేది చెరకు మడ్డి నుంచి, అందుకే పంచదార కన్నా బెల్లంతోనే దానికి జత కుదురుతుంది.

అసలు పని ఇక్కడుంది: మందు పొయ్యి ఎక్కకముందే దినుసుల సారమంతా దిగిపోవాలి. అర లీటరు నీళ్ళలో రెండంగుళాల దాల్చినచెక్క, ఆరు లవంగాలు, నాలుగు యాలకులు, ఏడెనిమిది మిరియాలు, దంచిన అల్లం ముక్క, ఒక అనాసపువ్వు, వంద గ్రాముల బెల్లం వేసి, మూతపెట్టి సన్నసెగ మీద ఇరవై నిమిషాలు ఉంచాను. దినుసులేవీ పొడి చేయకుండానే వేయాలి. పొడులు వేస్తే పంచ్ మడ్డిగా అయి గొంతులో గరగరలాడుతుంది. అనాసపువ్వును సగం దారిలోనే తీసేశాను, లేకపోతే మిగతా వాసనలన్నిటినీ అదే మింగేస్తుంది. లవంగం కూడా అంతే, పది దాటితే పంటినొప్పి మందు గుర్తొస్తుంది. కమలాల తొక్కను పైపైన నారింజ రంగు మేరకే చెక్కి వేశాను, లోపలి తెల్లటి పొర పడితే చేదెక్కుతుంది. దించాక అరగంట అలాగే వదిలి, బెల్లంలో మట్టి ఉంటుంది కాబట్టి పల్చటి బట్టలో వడగట్టి, నాలుగు కమలాల రసం కలిపాను.

వంటిల్లంతా ఆ వాసనే. ఇందులోంచి రెండు గ్లాసులు అమ్మకీ, పిల్లలకీ ముందే తీసి పక్కన పెట్టాను. మందు చివర కలుపుతాం కాబట్టి ఇంట్లో ఎవరూ దీనికి దూరం కానక్కర్లేదు.

తర్వాత వైన్ పోసి మళ్ళీ సన్నసెగ పెట్టాను. బావ పక్కనే నిలబడి, "ఏం బామ్మర్దీ, బాగా మరగనిస్తే కదా ఘాటు దిగేది?" అన్నాడు. "ఘాటు దినుసులది బావా, అది ఎప్పుడో దిగిపోయింది. ఇప్పుడు మరిగితే పోయేది మందే" అన్నాను. స్వచ్ఛమైన ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. వైన్‌లో నీళ్ళు ఉంటాయి కాబట్టి మొత్తం ఒక్కసారే పోదు గానీ, గిన్నె తెర్లిందంటే ఆవిరితో పాటు ఆల్కహాలూ, వైన్ సువాసనా లేచిపోతాయి. మా ఎత్తులో నీళ్ళే 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అందుకే ఇక్కడ ఇంకాస్త కనిపెట్టుకుని ఉండాలి. థర్మామీటర్ లేకపోయినా పర్లేదు. పైన ఆవిరి ఆడుతుండాలి, అంచుల్లో బుడగలు మొదలవకూడదు. ఆ స్థితిలో గ్యాస్ పూర్తిగా ఆపేసి, గిన్నె పొయ్యి మీంచి దించాకే రమ్ము పోశాను. మంట పక్కన రమ్ము వంపడం చాలా ప్రమాదం, ఆవిరి చప్పున అంటుకుంటుంది.

రుచి చూసి బావ మారు మాట్లాడకుండా కప్పు మళ్ళీ చాచాడు. అక్కకి అల్లం ఘాటు తెగ నచ్చింది. నాకు మాత్రం గుటక దిగాక నెమ్మదిగా పైకొచ్చే మిరియం అన్నిటికన్నా బాగా అనిపించింది. అది వేయకుండా మాత్రం చేయకండి.

తియ్యగా ఉందని గటగటా తాగేయకండి. లెక్కేస్తే ఇది పది శాతం పైనే. 150 మిల్లీల కప్పు ఒక చిన్న పెగ్గు రమ్ము కన్నా కాస్త ఎక్కువే. ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపించడానికి కారణం చర్మం కింది రక్తనాళాలు విప్పుకోవడమే, నిజానికి లోపలి వేడి బయటికి పోతుంటుంది. కాబట్టి తాగి చలిలో మేడ మీదికి వెళ్ళకండి. ఆ రాత్రి ఎవరినీ బండి తీయనివ్వకండి. సాలూరు ఘాట్ మలుపులు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మందు కలపని దినుసుల నీళ్ళు మిగిలితే సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, రెండు మూడు రోజులు బాగానే ఉంటాయి. కావలసినప్పుడు వంద మిల్లీలు వేడిచేసి కప్పులో పోసి, పైన 30 మిల్లీల రమ్ము కలుపుకోవచ్చు.