రెండో లింకు ఏ దారిన వస్తోంది? ఆటోనగర్‌లో డేటా సెంటర్ నెట్‌వర్క్ కట్టిన అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో ఆరు ర్యాకుల డేటా సెంటర్, గుంటూరులో దానికి డీఆర్ సైటు (ఇక్కడిది పోతే పని అందుకునే రెండో చోటు). యాజమాన్యం అడిగింది ఒక్కటే: ఏ ఒక్క పెట్టె పోయినా, ఏ ఒక్క కేబుల్ తెగినా సర్వీసు ఆగకూడదు. ఇలాంటి పనికి కొటేషన్ అడిగితే అన్నీ జంటలుగా వస్తాయి: రెండు రౌటర్లు, రెండు ఫైర్‌వాల్‌లు, రెండు స్విచ్‌లు, రెండు ఇంటర్నెట్ లింకులు. డబ్బు పెడితే జంటలు ఎవరైనా కొంటారు. ఆ రెండూ చాటుగా ఒకే దాని మీద ఆధారపడి ఉన్నాయేమో వెతకడమే అసలు పని. నాకు ఎక్కువ సమయం తిన్నది కూడా అదే.

ముందు కాగితం మీద లెక్క చూద్దాం. 99.5 శాతం హామీ ఉన్న లింకు ఏడాదిలో దాదాపు 44 గంటలు పడిపోవచ్చు. అలాంటివి రెండు పెట్టి, ఒకదాని చావుకు రెండోదానికి ఏ సంబంధమూ లేకుండా చేయగలిగితే, రెండూ ఒకేసారి పోయే సమయం ఏడాదికి 13 నిమిషాలకు దిగుతుంది. రెండు ఫైబర్లూ ఒకే పైపులో ఉన్నాయనుకోండి, జేసీబీకి ఒక్క దెబ్బ చాలు. 13 నిమిషాల లెక్క గంగలో కలిసినట్టే.

ఒక ప్రొవైడర్ బందరు రోడ్డు వైపు నుంచి, ఇంకొకరు హైవే మీద రామవరప్పాడు వైపు నుంచి రావాలని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించాం. కంపెనీ పేర్లు వేరు కదా అని ఊరుకుంటే కుదరదు. లాస్ట్ మైల్ (చివర్లో మన గేటు దాకా వచ్చే) ఫైబర్‌ను ఒకరి దగ్గర ఒకరు అద్దెకు తీసుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. ఇద్దరి దగ్గరా రూట్ కేఎంజెడ్ ఫైల్ (కేబుల్ దారిని మ్యాపు మీద గీసి చూపే ఫైలు) తీసుకుని గూగుల్ ఎర్త్‌లో ఒకదాని మీద ఒకటి వేసి చూడాలి. సేల్స్‌వాళ్లు రంగుల పీడీఎఫ్ పంపి ఇదే రూట్ మ్యాప్ అంటారు, ఒప్పుకోవద్దు.

మా కేఎంజెడ్‌లలో గీతలు రెండూ చక్కగా విడివిడిగానే వచ్చాయి. కానీ అవి గేటు దగ్గరే ఆగిపోయాయి. గేటు నుంచి సర్వర్ రూమ్ దాకా ఉన్న అరవై మీటర్లు మ్యాపులో ఉండవు, నడిచి చూడాల్సిందే. గేటు పక్క ఛాంబర్ మూత లేపిస్తే లోపల మోకాలి లోతు బురద నీళ్లు, నల్లటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు ఒక్కటే, దాని మూతిలోంచి రెండు ప్రొవైడర్ల కేబుళ్లూ ఒకదానికొకటి ఆనుకుని లోపలికి పోతున్నాయి. “పాత పైపులో జాగా ఉంది కదా సార్, మళ్లీ తవ్వడం ఎందుకని అందులోనే లాగేశాం” అన్నాడు లైను పని చేసే కుర్రాడు. అతని లెక్కలో అది పొదుపే.

బిల్డింగ్ వెనక వైపు నుంచి రెండో ఎంట్రీ తవ్వించాం. 40 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ డక్ట్, అందులో ఆర్మర్డ్ (లోహపు తొడుగున్న) కేబుల్, లోపల పది మీటర్ల స్లాక్ లూపు (అవసరానికి వదిలిన అదనపు చుట్ట). డక్ట్ రెండు చివర్లూ సీల్ చేయించడం మరవకూడదు. నీళ్లతో పాటు ఎలుకలూ అదే దారిన వస్తాయి. నిట్టనిలువుగా పైకి వెళ్లే షాఫ్టులు కూడా వేరుగా ఉండాలి, లేకపోతే మొదటి అంతస్తులో పుట్టిన మంట రెండింటినీ మింగేస్తుంది. సెల్లార్‌లో యూపీఎస్ పెడదామన్న ప్రతిపాదన వచ్చింది గానీ, 2024 సెప్టెంబర్ బుడమేరు వరద చూసిన ఊళ్లో దాని మీద పెద్దగా వాదించాల్సిన పని పడలేదు.

ఊరు దాటాక కూడా ఇదే ప్రశ్న. మనకు ప్రధానంగా దిక్కు రెండు వైపులే: హైదరాబాద్ లేదా చెన్నై. ఒక ప్రొవైడర్ హైదరాబాద్ మీదుగా, రెండోవారు చెన్నై మీదుగా ఇచ్చేలా అడిగి, డేటా ఏ రౌటర్ల మీదుగా పోతోందో చూపే ట్రేస్‌రూట్ కమాండ్‌తో సరిచూసుకున్నాం. గుంటూరు డీఆర్ లింకులకు చిక్కు కృష్ణానది దగ్గర వస్తుంది. ఏ కేబుల్ అయినా ఏదో ఒక వంతెన ఎక్కాల్సిందే, వంతెనలు చూస్తే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకటి కనకదుర్గ వారధి మీదుగా వస్తుంటే రెండోది దాని మీదుగా రాకూడదని విడిగా షరతు పెట్టాలి. దూరం వల్ల ఇబ్బంది లేదు. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు పడుతుంది. కేబుల్ 60 కిలోమీటర్లు తిరిగి వచ్చినా వెళ్లి రావడానికి 0.6 మిల్లీసెకన్లే, డేటాబేస్‌కు సింక్రనస్ రెప్లికేషన్ (రెండు చోట్లా ఒకేసారి రాయడం) నడుస్తుంది. అయితే తుపాను వస్తే రెండు ఊళ్లకూ కలిపే వస్తుంది. బ్యాకప్ కాపీ ఒకటి ఈ రెండు ఊళ్లకు దూరంగా ఉంచాల్సిందే.

ఇక బీజీపీ, అంటే మన అడ్రసులకు దారి ఎటో నెట్‌వర్కులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి. ప్రొవైడర్ ఇచ్చిన ఐపీలతో సర్వీసు నడిపితే ఆ లింకుతో పాటే అడ్రసులూ పోతాయి. అందుకే దేశంలో ఐపీ అడ్రసులు కేటాయించే ఐఆర్‌ఐఎన్ఎన్ దగ్గర సొంత ఏఎస్ నంబరు (బీజీపీలో మన నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య), /24 ఐపీవీ4 బ్లాకు (256 అడ్రసులు) తీసుకున్నాం. అంతకన్నా చిన్న ముక్కను బయటి నెట్‌వర్కులు చాలావరకు ఒప్పుకోవు. ఆర్‌ఓఏ (ఈ బ్లాకును ఈ ఏఎస్ నంబరే ప్రకటించవచ్చనే సంతకం చేసిన రికార్డు) ముందే చేసి పెట్టుకుని, ఒక్కో లింకునే ఉంచి రెండోది ఆపి, బయటి లుకింగ్ గ్లాస్‌లో (వేరే నెట్‌వర్కుల రూట్లు చూపే వెబ్ పేజీ) మన ప్రిఫిక్స్ (అడ్రసుల బ్లాకు) కనిపిస్తోందో లేదో చూడాలి. రెండో ప్రొవైడర్ ఫిల్టర్‌లో మన బ్లాకు చేర్చడం మర్చిపోయినా, మొదటి లింకు బతికున్నంత కాలం ఎవరికీ తెలియదు. పూర్తి రూటింగ్ టేబుల్ (ఇంటర్నెట్‌లోని దారుల పట్టిక) తీసుకోలేదు. అది దాదాపు పది లక్షల రూట్లు. మా అవసరానికి డిఫాల్ట్ రూటు (వేరే దారి తెలియనిదంతా ఇటు పంపు అనేది), ప్రొవైడర్ సొంత కస్టమర్ల రూట్లు చాలు. 2014 ఆగస్టు 12న టేబుల్ 5,12,000 గీత దాటినప్పుడు పాత రౌటర్ల మెమరీ నిండి చాలా చోట్ల నెట్ తడబడింది. అక్కర లేని బరువు ఎత్తుకోవడం ఎందుకు?

ఇక్కడ అందరినీ ఏడిపించేది మీడియా కన్వర్టర్ (ఫైబర్ కాంతిని రాగి కేబుల్ సిగ్నల్‌గా మార్చే డబ్బా). బయట ఫైబర్ తెగినా కన్వర్టర్‌కు, రౌటర్‌కు మధ్య ఉన్న రాగి కేబుల్ బాగానే ఉంటుంది కాబట్టి పోర్టు ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంటుంది. రౌటర్ పాపం నమ్మేస్తుంది. బీజీపీ హోల్డ్ టైమర్ (అవతలి నుంచి మాట రాకపోతే లింకు పోయిందని తేల్చే గడువు) చాలా రౌటర్లలో 180 సెకన్లు. అంటే మూడు నిమిషాలు ట్రాఫిక్ బావిలో పడుతూ ఉంటుంది. వీలైతే కన్వర్టర్ తీసేసి ఫైబర్‌ను నేరుగా రౌటర్ ఎస్ఎఫ్‌పీలో (ఫైబర్ తగిలించే చిన్న మాడ్యూల్) పెట్టాలి. బీఎఫ్‌డీ (లింకు బతికుందో లేదో వేగంగా తడిమి చూసే పద్ధతి) 300 మిల్లీసెకన్లు, మూడు తప్పితే డౌన్ అని పెడితే ఒక సెకను లోపే పట్టేస్తుంది. ఒక ప్రొవైడర్ బీఎఫ్‌డీ ఇవ్వడం కుదరదన్నారు. అక్కడ కీప్‌అలైవ్ (బతికే ఉన్నానని పంపే సందేశం) 10 సెకన్లు, హోల్డ్ 30 సెకన్లు పెట్టాం. రెండు వైపుల్లో ఏది తక్కువైతే ఆ హోల్డ్ టైమే అమలవుతుంది కాబట్టి అవతలివాళ్లను బతిమాలే పని లేదు.

లింకు సైజు విషయం చిన్నదే గానీ చాలామంది తప్పుతారు. 500 ఎంబీపీఎస్ లింకులు రెండు తీసుకుని 700 ఎంబీపీఎస్ నడుపుతుంటే అక్కడ రిడండెన్సీ లేదు. ఒక్క లింకే మొత్తం మోయగలగాలి.

లోపలి స్విచ్‌లు ఎంల్యాగ్ జంట (సర్వర్లకు ఒకే స్విచ్‌లా కనిపించే రెండు స్విచ్‌లు). ఆ రెండింటినీ కలిపే పీర్ లింకు రెండు 40జీ కేబుళ్లు. కీప్‌అలైవ్ మాత్రం ఆ దారిలో కాకుండా మేనేజ్‌మెంట్ పోర్టుల మధ్య నేరుగా. రెండూ ఒకే దారిలో పెడితే ఆ దారి తెగిన రోజున ప్రతి స్విచ్చూ అవతలిది చచ్చిపోయిందనుకుని తానే పెద్దననుకుంటుంది. పీర్ లింకు ఒక్కటే పోతే సెకండరీ స్విచ్ తన ఎంల్యాగ్ పోర్టులను మూసేసుకుంటుంది. దానికే ఒంటి కేబుల్‌తో వేలాడుతున్న పరికరాలు చీకట్లో పడతాయి. అలాంటి ఒంటి కేబుల్ పరికరాలను ప్రైమరీకే తగిలించాలి. సర్వర్లలో బాండింగ్ (రెండు కేబుళ్లను ఒకటిగా కలపడం) మోడ్ 4, ఎల్‌ఏసీపీ (ఆ కేబుళ్లు పనిచేస్తున్నాయో చూసే పద్ధతి) ఫాస్ట్: ఒకటి పోతే మూడు సెకన్లలో తేలుతుంది, స్లో అయితే 90 సెకన్లు. రెండు కేబుళ్లూ ఒకే నెట్‌వర్క్ కార్డులోని రెండు పోర్టుల్లో పెట్టేస్తుంటారు, కార్డు పోతే రెండూ పోతాయి.

వీఆర్‌ఆర్‌పీలో (జంటలో ఒకటి మాస్టర్‌గా ఉండి, అది పోతే రెండోది అందుకునే పద్ధతి) ప్రీఎంప్ట్ డిలే (తిరిగొచ్చిన పరికరం పదవి తీసుకునే ముందు ఆగే సమయం) 300 సెకన్లు పెట్టాం. రీబూట్ అయిన పరికరం తన రూట్లు నేర్చుకోకముందే మాస్టర్ పదవి లాక్కుంటే వచ్చిన ట్రాఫిక్ అంతా దాని దగ్గరే ఆగిపోతుంది. పోయినప్పుడు బాగానే తట్టుకుని, తిరిగి వచ్చినప్పుడు కూలే నెట్‌వర్కులకు చాలాసార్లు కారణం ఇదే. ఫైర్‌వాల్‌లకు హార్ట్‌బీట్ కేబుళ్లు (ఒకటి బతికుందో లేదో రెండోది చూసుకునేవి) రెండు, నేరుగా. సెషన్ సింక్ (నడుస్తున్న కనెక్షన్ల వివరాలు రెండింటిలోనూ ఉంచడం) ఆన్. రెండింటిలో ఒకే ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్).

కరెంటు లెక్క ర్యాకు ర్యాకుకీ వేయాలి. 32 ఆంపియర్ల పీడీయూలు (ర్యాకులో కరెంటు పంచే పట్టీలు) ఏ, బీ రెండు ఉంటే ఒక్కోదాని మీద 12.8 ఆంపియర్లు దాటకూడదు. ఒకటి పోతే రెండోదాని మీద 25.6, అంటే 80 శాతం. 18 చొప్పున లాగుతుంటే ఒకటి పోగానే రెండోది 36 మోయలేక ట్రిప్ కావచ్చు. ఏ, బీ లు రెండు వేర్వేరు యూపీఎస్‌ల నుంచి రావాలి. మే నెల ఎండలో ఏసీ ఇంకో గండం: డీజీ (డీజిల్ జనరేటర్) అందుకున్నా కంప్రెసర్లు వెంటనే లేవవు, ఆటో రీస్టార్ట్ లేని స్ప్లిట్ ఏసీ అయితే ఎవరో వచ్చి రిమోట్ నొక్కేదాకా పడుకునే ఉంటుంది.

అన్నీ పోయినా లోపలికి వెళ్లే దారి ఒకటి ఉండాలి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ ఆరు గంటల పాటు ఆగిపోయినప్పుడు, బాగుచేసే పనిముట్లు కూడా కూలిన ఆ నెట్‌వర్క్ మీదే ఉన్నాయి. మేం కన్సోల్ సర్వర్‌కు (నెట్‌వర్క్ పడిపోయినా పరికరాల్లోకి వెళ్లనిచ్చే పెట్టె) విడిగా 4జీ రౌటర్ పెట్టాం, సిమ్ మూడో కంపెనీది. అలారం ఎస్ఎంఎస్‌లు కూడా దాని మీదుగానే. జంటలో ఒకటి పోయిన సంగతి వాడేవాళ్లకు తెలియదు కాబట్టి, ఆ మొదటి చావు కబురు మనకు చేరకపోతే రెండోదాని రోజునే తెలుస్తుంది.

పరీక్షలు రాత్రిపూట, సెకనుకు ఐదు పింగ్‌లు నడుపుతూ. కమాండ్‌తో పోర్టు మూయడం పరీక్ష కాదు. కేబుల్ పీకాలి, పవర్ కార్డు లాగాలి. సర్వర్ కేబుల్ పీకితే ఒకటి రెండు పింగ్‌లు పోతే చాలు. ఇంటర్నెట్ లింకు పీకినప్పుడు బయటకు వెళ్లేది సెకనులో సర్దుకుంటుంది గానీ, లోపలికి వచ్చేది లోకమంతా కొత్త దారి నేర్చుకునేదాకా, నిమిషం పైన కూడా పట్టొచ్చు. ఈ తేడా యాజమాన్యానికి ముందే రాసివ్వండి. ఫైబర్ తిరిగి పెట్టే ముందు కనెక్టర్ తుడవాలి. 10జీ ఎల్‌ఆర్ (దూరపు లింకుల రకం) ఎస్ఎఫ్‌పీకి అందే కాంతి మైనస్ 14.4 డీబీఎం కంటే తగ్గితే ఎర్రర్లు మొదలవుతాయి. వేలి ముద్ర జిడ్డు కూడా రెండు మూడు డీబీ తినేయగలదు. తుడిచాక రీడింగ్ రాసిపెట్టుకోవాలి, వచ్చే ఏడాది పోల్చుకోవడానికి.

స్పేర్ అరలో రెండు ఎల్‌ఆర్ మాడ్యూళ్లు, ఒక స్విచ్ ఉన్నాయి. స్పేర్ స్విచ్‌లోనూ నడుస్తున్న ఫర్మ్‌వేరే ఎక్కించి, దాని సీరియల్ నంబరుకు లైసెన్స్ కట్టించి పెట్టాం. కాన్ఫిగరేషన్ కాపీ గుంటూరులో ఉంది.