లచ్చి మూత్రాశయంలో రాయి: అనంతపురంలో గినియా పిగ్ వైద్యం, నా అనుభవం

గినియా పిగ్‌కు మూత్రంలో రక్తం పడితే ఎవరైనా రాయి గురించే టెన్షన్ పడతారు, నేనూ పడ్డాను. కానీ మా లచ్చి ప్రాణం మీదికి తెచ్చింది రాయి కాదు, ఆ నొప్పికి అది తిండి మానేయడం. ఈ సంగతి తెలిసి ఉంటే ముందు దేని వెనక పరిగెత్తాలో తెలుస్తుంది, అందుకే రాస్తున్నా.

లచ్చి నాలుగేళ్ళ ఆడది. మా చిన్నమ్మ కొడుకు చదువుకు హైదరాబాద్ పోతూ మాకిచ్చాడు. వాళ్ళది ధర్మవరం దగ్గర పల్లె, ఇంటి వెనక శెనక్కాయ కట్టె వామి ఉంటుంది, ఆవులకు వేసేదే దీనికీ వేసేవాళ్ళు, అదీ ఇష్టంగా తినేది. మా ఇంటికొచ్చాక వారానికోసారి వంటింటి కాటా మీద కూర్చోబెట్టి బరువు రాసుకుంటూ వచ్చాను. 900 గ్రాములకు అటూ ఇటూ ఉండే పిల్ల ఒక వారం 840కి దిగింది, అప్పటికి రక్తం లేదు, ఏమీ లేదు. ఆ తర్వాతే మూత్రం పోసేటప్పుడు వీపు వంచి సన్నగా కీచుమనడం మొదలైంది, కింద పరిచిన గుడ్డ మీద గులాబీ రంగు మరకలు కనబడ్డాయి.

వీటి మూత్రం మామూలుగానే తెల్లగా మబ్బుగా ఉంటుంది, దానికి భయపడాల్సిన పని లేదు. ఆరాక ఇసుకలా చేతికి గరగరా తగిలితేనే అనుమానించాలి. బీట్‌రూట్ లాంటివి తిన్నా ఎర్రగా వస్తుంది కాబట్టి మెడికల్ షాపులో మూత్రం పరీక్ష స్ట్రిప్ తెచ్చి ముంచి చూశాను, రక్తమే.

ఊళ్ళో ఒక క్లినిక్‌కు తీసుకెళ్తే ఇన్ఫెక్షన్ అని అమాక్సిసిలిన్ సిరప్ రాశారు. ఇక్కడ దయచేసి నిదానంగా చదవండి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, పెన్సిలిన్ జాతి మందులు, క్లిండమైసిన్ కూడా, గినియా పిగ్‌లకు నోటి ద్వారా ఇవ్వకూడదు. పేగుల్లో గడ్డిని అరిగించే మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, విషం పుట్టించే క్లాస్ట్రీడియం పెరిగిపోతుంది, విరేచనాలు పట్టుకుని రోజుల్లోనే చనిపోవచ్చు. పిల్లలకు, కుక్కలకు రోజూ వాడే మందే కదా అనిపిస్తుంది, ఇక్కడ కుక్కలూ గేదెలే ఎక్కువగా వస్తాయి కాబట్టి రాసేవాళ్ళకీ అలవాటు. నేను ఆ సీసా మూత తీయలేదు. బెంగళూరులో కుందేళ్ళు, గినియా పిగ్‌లు చూసే ఒక డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "ఆ మందు వద్దమ్మా, ముందు ఎక్స్‌రే తీయాలి, దారంతా తింటూనే రానివ్వండి" అన్నారు. కడప వైపు వాళ్ళకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, ముందు ఫోన్ చేసి వీటిని చూస్తారా అని కనుక్కోండి.

బెంగళూరు మాకు 200 కిలోమీటర్ల పైనే. అప్పుడు ఏప్రిల్, 40 డిగ్రీల ఎండ, వీటికి 30 దాటితేనే వడదెబ్బ భయం. తెల్లారకముందే కారులో బయలుదేరాం. బోనులో గరిక, దోసకాయ ముక్కలు వేసి, తడి గుడ్డ బయటి వైపు కప్పాం. మత్తు ఇచ్చే ముందు కుక్కలనైతే రాత్రి నుంచి పస్తుంచుతారు, వీటికి వాంతి రాదు, పస్తుంచితే పేగులే ఆగిపోతాయి. ఆ తేడా తెలిసిన డాక్టర్ దొరకడమే సగం వైద్యం అనిపించింది నాకు.

ఎక్స్‌రేలో తెల్లగా చుక్కలా కనబడింది. వీటి రాళ్ళు ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, అందుకే ఎక్స్‌రేలో దాక్కోవు. మూత్రనాళం చివరికి జారి ఉంది, ఆడది కాబట్టి మత్తిచ్చి కోత లేకుండానే బయటికి తీశారు. మగవాటికి నాళం సన్నం, వాటికి చాలాసార్లు ఆపరేషనే.

ఇంటికొచ్చామని ఊపిరి పీల్చుకున్నాం గానీ అసలు కష్టం ఆ రాత్రే. గడ్డి వాసన చూసి మొహం తిప్పేసుకుంది. పెంటికలు సన్నబడి, ఎండి, తర్వాత అవీ ఆగిపోయాయి. మూలన ముడుచుకుని పళ్ళు నూరుతూ కూర్చుంది, అది నొప్పికి గుర్తు. డాక్టరమ్మ ఫోన్‌లో మొదట అడిగింది ఒక్కటే: కడుపు డప్పులా బిగిసి ఉందా, మెత్తగా ఉందా? బిగిసి ఉంటే తినిపించకుండా వెంటనే ఆస్పత్రికి తేవాలి, గ్యాస్‌తో కడుపు మెలిపడి ఉండొచ్చు. మాది మెత్తగానే ఉంది. నొప్పికి మెలాక్సికామ్ ఆవిడ చెప్పిన కొలతలో వేసి, నొప్పి కాస్త తగ్గాక తినిపించడం మొదలుపెట్టాం. నొప్పి తగ్గకుండా ఎంత కుక్కినా మింగదు.

తినిపించే పొడి బెంగళూరులోనే తెచ్చుకున్నాం. అది లేకపోతే వీటికి రోజూ పెట్టే గుళికల మేత (పెల్లెట్లు)నే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి జావలా కలపొచ్చు. తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, ఒక మిల్లీలీటర్ సిరంజి ముందు పళ్ళ వెనక పక్కనుంచి పెట్టి, కొద్దికొద్దిగా వదిలి, నమిలి మింగేదాకా ఆగాలి. నేరుగా గొంతులోకి కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిలో బరువుకు రోజుకు సుమారు 50 నుంచి 80 మిల్లీలీటర్లు, రాత్రి కూడా రెండు మూడు గంటలకోసారి. మా ఆయన ఒక పూట, నేనొక పూట వంతులు వేసుకున్నాం. పక్కింటి అవ్వ వచ్చి చూసి, "పసిబిడ్డకు చేసినట్టు చేస్తాండావు కదమ్మా" అంది, అవును అవ్వా అన్నాను. తెల్లవారుజామున గుడ్డ మీద మొదటి పెంటిక కనబడితే నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు తిండి మార్చాం. శెనక్కాయ కట్టె, లూసర్న్ రెండూ పప్పుజాతివే, కాల్షియం ఎక్కువ. గినియా పిగ్‌లు ఒంటికి ఎంత అవసరమో చూసుకోకుండా తిన్న కాల్షియం చాలావరకు లాక్కుని, మిగిలింది మూత్రంలోకి వదిలేస్తాయి, అందుకే పెద్దవాటికి ఆ మేత వద్దన్నారు. మునగాకు, పాలకూర, తోటకూర కూడా మానేశాం. ఎప్పుడూ బోనులో తిమోతీ ఎండుగడ్డి, దొరికిన రోజు మందులు కొట్టని గరిక. విటమిన్ సి వీటి ఒంట్లో తయారవదు, రోజూ కిలోకు 10 మిల్లీగ్రాములు కావాలి, జబ్బులో 30 దాకా ఇవ్వమన్నారు. అందుకే రోజూ క్యాప్సికం ముక్క పెడుతున్నాం, నీళ్ళలో కలిపితే విటమిన్ త్వరగా చెడిపోతుందని చుక్కలు నోట్లోనే వేస్తాం. మా బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతుంది, కాబట్టి తాగడానికి క్యాన్ నీళ్ళే పెడుతున్నాం.

లచ్చి మళ్ళీ 880కి వచ్చింది. రాళ్ళు తిరిగి రావడం మామూలే అన్నారు కాబట్టి కాటా ఇప్పుడు రోజూ తీస్తున్నాను, తర్వాతి ఎక్స్‌రేకు ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలో రమ్మన్నారు.