పాటకి బాగున్న హెడ్‌ఫోన్స్ కాల్‌కి ఎందుకు నాసిగా ఉంటాయి?

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో పాట బ్రహ్మాండంగా వినిపిస్తూ ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో మీటింగ్‌కి జాయిన్ అయి మైక్ ఆన్ చేశామో లేదో, అవే హెడ్‌ఫోన్స్‌లో అవతలివాళ్ల గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వస్తుంది. అవి పాడైపోయాయని కొందరు, డబ్బు దండగైందని ఇంకొందరు రివ్యూల్లో తిట్టిపోస్తుంటారు. పాడవలేదండీ. ఎందుకలా అవుతుందో తెలియాలంటే ముందు పాట చెవిదాకా ఎలా వస్తోందో చూడాలి.

వైరున్న హెడ్‌ఫోన్స్‌కి తెలివితేటలు అక్కర్లేదు. ఫైల్‌లో అంకెలుగా ఉన్న పాటను కరెంటు హెచ్చుతగ్గులుగా మార్చడం, దానికి బలమివ్వడం రెండూ ఫోనే చేసిపెడుతుంది, వైరు దాన్ని మోసుకొస్తుంది, చెవి దగ్గర అయస్కాంతం మధ్యనున్న చిన్న తీగచుట్ట కదిలి, దానికి అంటించి ఉన్న పల్చటి పొర గాలిని ఊపుతుంది. అంతే. వైర్‌లెస్‌లో ఈ చివరి భాగం ఏమీ మారలేదు. మారిందల్లా, ఫోన్ చేసే ఆ రెండు పనులూ, వాటితో పాటు ఒక రేడియో, ఒక బ్యాటరీ అన్నీ చెవి దగ్గరికి వచ్చి చేరాయి.

అసలు ఇబ్బంది మధ్యలో ఉన్న గాలిలో. సీడీ నాణ్యతలో ఉన్న పాటకి సెకనుకు 44,100 నమూనాలు (అంటే శబ్దాన్ని అన్నిసార్లు కొలిచి రాసుకున్న అంకెలు), ఒక్కోటి 16 బిట్లు, రెండు చెవులకీ కలిపి సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు. అంత బరువును ఆ చిన్న రేడియో ఆగకుండా, తడబడకుండా మోయలేదు కాబట్టి ఫోన్ ముందే పాటను కుదిస్తుంది. ఆ కుదించే పద్ధతినే కోడెక్ అంటారు. మామూలు బ్లూటూత్‌లో పాటలు వినిపించే ప్రతి పరికరంలోనూ ఎస్‌బీసీ అనే కోడెక్ ఉండి తీరాలి, మంచి సెట్టింగ్‌లో అది 328 కిలోబిట్ల దగ్గర నడుస్తుంది. ఎల్‌డాక్ లాంటి కోడెక్‌లు 990 దాకా వెళ్తాయి, కానీ సిగ్నల్ బాగుంటేనే.

బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ గోల చేసేది కూడా అక్కడే. అందుకని అది ఒకచోట నిలబడదు, 79 చానెళ్ల మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతుంది, గోల ఎక్కువున్న చానెళ్లను గుర్తుపెట్టుకుని తప్పించుకుంటుంది. నటి హెడీ లమార్ బ్లూటూత్ కనిపెట్టిందని ఇంటర్నెట్‌లో తెగ తిరుగుతుంటుంది, అది కాస్త అతిశయోక్తే. శత్రువులు టార్పెడో సిగ్నళ్లను జామ్ చేయకుండా ఫ్రీక్వెన్సీలు మారుస్తూ పోయే పద్ధతికి ఆమె, సంగీతకారుడు జార్జ్ యాంటైల్ కలిసి 1942లో పేటెంట్ పొందిన మాట మాత్రం నిజం.

ఇన్ని గెంతులు గెంతినా కొన్ని ముక్కలు దారిలో పోతాయి, మళ్లీ పంపాలి. ఆ వ్యవధి కోసం హెడ్‌ఫోన్స్ కొంత పాటను ముందే దాచుకుని వినిపిస్తాయి. బొమ్మ కంటే శబ్దం వెనకబడే ఆలస్యం చాలావరకు అక్కడే పుడుతుంది. వీడియో యాప్ అయితే బొమ్మను కూడా అంతే వెనక్కి జరిపి సర్దేస్తుంది, గేమ్‌లో మనం బటన్ ఎప్పుడు నొక్కుతామో దానికి ముందే తెలియదు కాబట్టి అక్కడ ఆ ఆలస్యం దొరికిపోతుంది. ఇంకోటి, మన ఒంట్లోని నీరు ఈ తరంగాలను బాగానే మింగేస్తుంది. ఫోన్ వెనక జేబులో పెట్టుకుని ఖాళీ మైదానంలో నడిస్తే పాట తెగుతుంది, అదే గదిలో అయితే గోడలకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్ ఆదుకుంటుంది.

ఇక మైక్ సంగతి. పాటల కోసం వాడే పద్ధతి ఒకవైపు దారి, ఫోన్ నుంచి చెవికి మాత్రమే. మన గొంతు వెనక్కి పోవాలంటే పరికరాలు రెండూ కలిసి కాల్స్ కోసం పెట్టిన వేరే పద్ధతిలోకి మారాలి, అందులో ఒక్కో వైపుకి దొరికేది 64 కిలోబిట్లే. పాత రకంలో సెకనుకు 8,000 నమూనాలు, నమూనాల సంఖ్యలో సగం దాకా ఉన్న శబ్దమే పట్టుబడుతుంది కాబట్టి 4,000 హెర్ట్జ్ పైన ఉన్నదంతా గల్లంతు, కొత్త రకంలో 16,000 నమూనాలు. అదీ మోనోలోనే, అంటే రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం. వెనకాల పాట పెట్టుకున్నా దానికీ అదే గతి.

దీనికి పైసా ఖర్చులేని ఉపాయం ఒకటుంది. మీటింగ్ సెట్టింగ్స్‌లో మైక్‌గా ల్యాప్‌టాప్ మైక్‌నే ఎంచుకుంటే చాలు, హెడ్‌ఫోన్స్ పాటల పద్ధతిలోనే ఉండిపోతాయి. చుట్టూ గోలగా ఉంటే మాత్రం ఇది అంత బాగా పనిచేయదు. 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతిలో ఈ చిక్కుకి సరైన పరిష్కారమే ఉంది, తక్కువ బిట్లలోనే మెరుగ్గా వినిపించే ఎల్‌సీ3 అనే కోడెక్‌తో రెండువైపులా మంచి శబ్దం పంపొచ్చు. కాకపోతే హెడ్‌ఫోన్స్ డబ్బా మీద ఆ పేరు చూసి కొనేస్తే సరిపోదు, మీ ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో కూడా అది ఉందో లేదో ముందు చూసుకోండి, లేకపోతే మళ్లీ ఆ 64 కిలోబిట్లే.