చోడిపిండితో ఇంజెరా: మా విజయనగరం వంటింట్లో నా అనుభవం

ఇథియోపియా వాళ్ల ఇంజెరా ఇంట్లో వేసుకోవాలని నాకు ఎప్పటినుంచో కోరిక. పులిసిన పిండితో వేసే పెద్ద అట్టు అది. దాని మీదే పప్పూ కూరలూ వడ్డించుకుని, దాన్నే చింపుకుని తింటారు. అసలుది టెఫ్ అనే సన్నటి గింజల పిండితో చేస్తారు. గంటస్తంభం దగ్గరి కొట్లలో అడిగితే ఆ పేరే వినలేదన్నారు. ఆన్‌లైన్‌లో ధర చూసి ఆ ఆలోచన మానేశాను.

నాకు ధైర్యం ఇచ్చింది చోళ్లే, అంటే రాగులే. మనం మనవనుకునే ఈ చోళ్ల పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా కొండలు. వేల ఏళ్ల కిందట అక్కడి నుంచే మన దేశానికి వచ్చాయి. ఇథియోపియాలో కొన్ని చోట్ల ఇప్పటికీ చోడిపిండి కలిపి ఇంజెరా వేస్తారు. ఇక చోడి అంబలి తాగి పెరిగిన మనకి ఆ పులుపు కొత్తా?

రెండు గ్లాసుల చోడిపిండి, గ్లాసు బియ్యప్పిండి జారుగా కలిపి, పులియడానికి కాస్త తరవాణి (పులిసిన అన్నం నీళ్లు) పోశాను. అక్కడా పాత పిండి మీద తేరిన నీళ్లే తోడుగా వాడతారు. వాళ్లకి రెండు మూడు రోజులు పడుతుంది, మన ఎండాకాలంలో అంతకంటే ముందే పొంగుతుంది.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. పైన తేరిన నీళ్లు వంపేసి, గరిటెడు పిండి తీసి, మూడింతల నీళ్లలో జావ కాచి, చల్లారాక మళ్లీ ఆ పిండిలోనే కలిపెయ్యాలి. చోడిపిండిలో సాగే గుణమిచ్చే గ్లూటెన్ ఉండదు కాబట్టి అట్టు విరక్కుండా సాగేది ఈ జావ వల్లే. ఇది మాత్రం మానొద్దు.

కలిపిన పిండి మళ్లీ బుడగలు కట్టాక, నూనె రాయని నాన్‌స్టిక్ పెనం మీద అంచు నుంచి మధ్యకి చుట్టూ పోసుకుంటూ రావాలి. చూస్తుండగానే పైనంతా సన్నటి కళ్లు పడతాయి. అప్పుడు మూత పెట్టాలి. అంచులు వాటంతటవే లేస్తే దించెయ్యడమే. "ఇదేటే, రెండో పక్క కాల్చవా?" అంది మా అమ్మ. కాల్చకూడదమ్మా, పులుసంతా పీల్చుకునేది ఆ కళ్లే అన్నాను.

పక్కన మిసిర్ వొట్ చేశాను. మసూర్ పప్పుతో చేసే కారంకారం కూర. ఉల్లిపాయలు చాలా సన్నగా తరిగి, ముందు నూనె వెయ్యకుండా సన్న సెగ మీద వేయించాలి. నీరంతా ఇగిరి ముద్దయ్యాకే నెయ్యి, అల్లం వెల్లుల్లి, బెర్బెరే కారం. ఆ కారాన్ని ఎండుమిర్చి, ధనియాలు, మెంతులు, వాము, మిరియాలు, లవంగాలు, ఏలకులు వేయించి ఇంట్లోనే కొట్టుకున్నాను. ఇథియోపియాలో ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం పాటిస్తారు. మాంసం, పాలు, నెయ్యి ముట్టరు. ఆ రోజుల్లో ఇదే కూర నూనెతో చేస్తారు. శనివారం నీచు తినని ఇళ్లకి ఇంతకంటే మంచి వంట ఏముంది?

పళ్లెంలో ఒక పెద్ద ఇంజెరా పరిచి, మధ్యలో కూర వేసి, అందరం చుట్టూ కూర్చున్నాం. పక్కవాళ్ల నోట్లో ముద్ద పెట్టడం అక్కడి మర్యాద. మొదటి ముద్ద అమ్మకి పెట్టాను. "కారం బాగుంది, పులుపు ఇంకొంచెం ఎక్కాల" అంది.

మిగిలిన ఇంజెరాలు పారెయ్యకండి. మర్నాడు ముక్కలుగా చింపి, వేడి చేసిన అదే కూరలో కలిపితే ఫిర్‌ఫిర్ అనే టిఫిన్. అక్కడ పొద్దున్నే తినేది అదే.