ఆ బావి అందరిదా?

మనవాళ్ళు కొత్తగా ఎవరు కలిసినా మొదట అడిగే మాట "మీదే ఊరు?". పేరు కూడా తర్వాతే. పోయినేడాది బతుకమ్మ ఆటకని మాంచెస్టర్ వెళ్తే ఒక పెద్దాయన మా అమ్మాయిని అదే అడిగారు. నేను "వరంగల్ దగ్గర" అనబోయేలోపే అది డెర్బీషైర్‌లో మేముంటున్న పల్లె పేరు చెప్పేసింది.

"అది కాదు తల్లీ, మీ అసలు ఊరు?"

"అదే అసలుది."

పదేళ్ళ పిల్ల. ఆయన నవ్వేశారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

దాని తప్పేం లేదు. ఏడాది నిండకముందే ఈ పల్లెకి తెచ్చాం. పడుతూ లేస్తూ నడక నేర్చింది ఇక్కడి రాతిగోడలు పట్టుకునే. పొలాల మధ్య సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలవి. ఒక చర్చి, ఒక పబ్బు, అరవై మంది పిల్లలున్న బడి, ఎప్పుడొస్తుందో తెలియని బస్సు, మనుషుల కంటే ఎక్కువ గొర్రెలు. అంతే ఊరు.

పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఒకరున్నారు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు. అది నా వల్ల కాలేదు. మా అమ్మాయికి "అమ్మమ్మ" అని నేర్పాను. ఆ మాటకి అర్థం చెప్తే ఆవిడ మురిసిపోయారు. అప్పట్నుంచి క్రిస్మస్ కార్డు మీద కూడా అదే సంతకం, కాకపోతే ఇంగ్లీషులో ఒక ఎమ్ తక్కువ. ఆవిడ మాత్రం అందరినీ "మీ డక్" అంటారు, ఇక్కడి యాసలో "మై డక్" అని. పోస్టుమ్యానైనా, డాక్టరైనా, నేనైనా ఆవిడకి డక్కే. మా వైపు "బిడ్డా" అన్నట్టే ఇది డెర్బీషైర్ పిలుపు.

ఈ ఏడాది బళ్ళో ప్రాజెక్టు ఇచ్చారు. "మీ ఊళ్ళో బాల్యం అప్పట్లో ఎలా ఉండేదో ఒక పెద్దవాళ్ళని అడిగి రాయండి" అని. వీడియో కాల్‌లో తాతని అడుగుతుందనుకున్నా. పుస్తకం, పెన్సిలు పట్టుకుని నేరుగా పక్కింటికి పోయింది. చివుక్కుమంది నాకు. అయినా వెంట వెళ్ళి కూర్చున్నా, టీ ఇస్తారు కదా.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టాక నా టీ చల్లారిపోయింది. చిన్నప్పుడు ఇంట్లో కుళాయి లేదట. వీధి చివరున్న పంపు దగ్గర్నుంచి బకెట్లతో మోసుకురావడమే. మరుగుదొడ్డి పెరటి చివర. రాత్రిపూట లాంతరు పట్టుకుని తోడు లేకుండా వెళ్ళాలంటే భయం. శుక్రవారం రాత్రి పొయ్యి ముందు రేకు తొట్టి పెట్టి, కాచిన ఒకే నీళ్ళలో వరసగా అందరికీ స్నానాలు. ఆడపిల్లలు ముందు, మగపిల్లలు తర్వాత, చివరికి నాన్న. యుద్ధం అయిపోయి ఎన్నేళ్ళయినా మిఠాయికి రేషన్ కార్డు. 1953 ఫిబ్రవరిలో ఆ రేషన్ ఎత్తేసిన రోజు కొట్టు ముందు నిలబడి ఏం కొనాలో తేల్చుకోలేక ఏడ్చారట. 1963 చలికాలంలో మంచు గోడల పైదాకా పేరుకుంటే, గొర్రెలు ఎక్కడ కూరుకుపోయాయో పొడవాటి కర్రలు గుచ్చి వెతికారట. మిల్లర్స్ డేల్ స్టేషన్ కూత ఇంటిదాకా వినిపించేదట. 1967లో ఆ స్టేషన్ మూసేశారు, మరుసటేడు లైను కూడా పోయింది. మా పిల్ల ఇప్పుడు సైకిల్ తొక్కే మోన్సల్ ట్రైల్ ఆ పట్టాలు పీకేసిన దారే.

మధ్యలో లేచి ఓట్‌కేకులు కాల్చి పెట్టారు. కేకని పేరే గానీ అది అట్టు. ఓట్స్ పిండి ఈస్టు వేసి పులియబెట్టి పెనం మీద పోస్తారు. ఈ ఎత్తు మీద, ఈ చలికి, వానకి గోధుమ సరిగ్గా పండేది కాదట, అందుకని ఓట్సే తిండి. వరి పండని చోట మాకు జొన్నరొట్టె ఎలాగో అలాగ. నేను రెండోది మామిడికాయ పచ్చడితో తిన్నాను. ఆవిడ కూడా రుచి చూసి, మిగతా సాయంత్రమంతా నీళ్ళు తాగుతూనే కథ చెప్పారు.

ఈమ్ అనే ఊరికి వెళ్ళి రమ్మని ఆవిడే అన్నారు. ఇంగ్లీషు అక్షరాలు చూసి నేను "ఎయామ్" అంటే మా అమ్మాయి దిద్దింది. 1665లో ఆ ఊరి దర్జీ ఇంటికి లండన్ నుంచి బట్టల మూట వచ్చింది, దాంతోపాటు ప్లేగు గోమార్లు వచ్చాయని చెప్తారు. సెప్టెంబరులో మొదట పోయింది మూట విప్పిన జార్జ్ వికార్స్. మరుసటి జూన్‌లో మాంపెసన్ అనే చర్చి ఫాదరు, అంతకుముందున్న స్టాన్లీ కలిసి ఊరివాళ్ళని ఒప్పించారు: జబ్బు పక్క ఊళ్ళకి పాకకుండా ఎవరూ పొలిమేర దాటొద్దని. బయటివాళ్ళు తిండి తెచ్చి పొలిమేరలో పెట్టిపోయేవారు. డబ్బులు రాతిగుంటల్లో పోసిన వెనిగర్‌లో వేసేవారు. ఆ రాయి ఇప్పటికీ ఉంది, ఆరు గుంటలతో. మా పిల్ల ఒక్కో గుంటలో వేలు పెట్టి చూసింది. ఎలిజబెత్ హాన్‌కాక్ అనే ఆవిడ ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తన చేతులతోనే పూడ్చుకుంది. పద్నాలుగు నెలల్లో దాదాపు 260 మంది పోయారంటారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో మా నాయనమ్మ చెప్పిన గత్తర (కలరా) కథ చెప్పాను. మా ఊళ్ళో గత్తర వస్తే జనం ఇళ్ళు వదిలి చెలకల్లో గుడిసెలు వేసుకునేవారట. తగ్గాక బొడ్రాయికి నీళ్ళు పోసి, పోచమ్మకి బోనం చేసి, అప్పుడు మళ్ళీ ఊళ్ళోకి. "వీళ్ళు ఊళ్ళోనే ఉండిపోయారు, మీరు ఊరు వదిలారు. ఏది కరెక్టు?" అంది వెనక సీట్లోంచి. రెండు చోట్లా ఎవరికి తోచింది వాళ్ళు చేశారన్నాను. దానికది నచ్చలేదు.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. దానికి నేను చెప్పుకుంటూ వచ్చిన మా ఊరు ఎప్పుడూ పండగ రోజునే ఉంటుంది. చెరువుగట్టు, తంగేడుపూలు, సీతాఫలాలు, అరుగు మీద తాత. తాటిచెట్టు పైనుంచి తీసిన ఫొటోలా ఊరంతా కనిపిస్తుంది, మనుషుల మొహాలు కనిపించవు. ప్రవాసంలో ఉన్న తల్లులం చాలామందిమి ఇదే చేస్తాం. ఊరిని కడిగి, ఆరబెట్టి, మడతపెట్టి పిల్లల చేతికిస్తాం.

బడి మాత్రం దానికి వేరే పాఠం చెప్పింది. మాకు దగ్గర్లోనే కిండర్ స్కౌట్ అనే కొండ ఉంది. ఒకప్పుడు దాని మీద మామూలు జనం నడవకూడదు, గ్రౌస్ పిట్టల వేట కోసం పెద్దదొరలు కాపలా పెట్టుకున్నారు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది, చాలావరకు మాంచెస్టర్, షెఫీల్డ్ మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళు, కావాలని ఆ కొండెక్కారు. ఐదుగురికి జైలు పడింది. పంతొమ్మిదేళ్ళ తర్వాత, 1951లో, ఈ ప్రాంతమే బ్రిటన్‌లో మొదటి జాతీయ పార్కు అయింది. ఆ కొండ అప్పట్లో డెవన్‌షైర్ డ్యూకు వాళ్ళది. ప్లేగు రోజుల్లో ఈమ్‌కి తిండి పంపించింది కూడా ఆ వంశమే. డెబ్బై ఏళ్ళ పండగకి, 2002లో, అప్పటి డ్యూకు ఆ కొండ కిందే నిలబడి మా తాత చేసింది తప్పని అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. మా అమ్మాయికి ఈ కథంటే పిచ్చి. ఒక నెలంతా ఏది చూసినా "ఇది ఎవరిది? ఎవర్ని రానిస్తారు?" అని అడిగేది. సూపర్ మార్కెట్ పార్కింగ్‌ని కూడా వదల్లేదు.

మే నెలలో టిస్సింగ్టన్‌లో బావుల అలంకారం చూసొచ్చాం. 1349లో చుట్టుపక్కల ఊళ్ళని మహమ్మారి ఊడ్చేస్తే ఈ ఊరు బావినీళ్ళ పుణ్యాన బతికిందని ఒక మాట, 1615 కరువులోనూ ఆ నీళ్ళు ఎండలేదని ఇంకో మాట. ఆ కృతజ్ఞతకి బావుల్ని పూలతో సింగారిస్తారు. డెర్బీషైర్ పల్లెలు చాలావాటిలో ఇది ఉంది, మా ఊళ్ళో కూడా వేసవిలో చేస్తారు. చెక్క పలకల్ని కొన్ని రోజులు నీళ్ళలో నానబెట్టి, బంకమట్టిలో ఉప్పు కలిపి తొక్కి, పలక నిండా మెత్తుతారు. తొక్కే పని పిల్లలది. బొమ్మ గీసిన కాగితాన్ని మట్టి మీద పరిచి సూదితో గుచ్చుతూ పోతే గీతలు దిగుతాయి. గీతల వెంట కాఫీ గింజలో, ఆల్డర్ చెట్టు కాయలో గుచ్చి, లోపల పూరేకులు అంటిస్తారు. రేకులు కిందనుంచి పైకి, పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి రావాలి. వాన పడితే నీళ్ళు జారిపోవడానికి. నేను మొదటిసారి పైనుంచి మొదలుపెట్టి తిట్లు తిన్నాను, మర్యాదగానే అనుకోండి. బతుకమ్మ పేర్చడం నాకొచ్చు కదా అనే ధీమా అక్కడ దిగిపోయింది.

మా ఊరి బావికి పలకలు చేస్తున్న శనివారం, మోచేతులదాకా మట్టితో హాల్లో కూర్చుని ఉండగా బాపు ఫోన్ చేశారు. అమ్మాయి ఫోన్ లాక్కుని పలక చూపించింది.

"బావికి పూలు పెడ్తున్నరా? మంచిగున్నది బిడ్డా."

"తాతా, మీ ఊళ్ళో నీళ్ళెక్కడ్నుంచి తెచ్చేవాళ్ళు?" పక్కింటి అమ్మమ్మని అడిగిన ప్రశ్నలే వరసగా అడుగుతోందని అర్థమైంది. బాపుకి హుషారొచ్చింది. చేదబావి, గిరక, చేంతాడు, తెల్లారగట్ల బిందెల చప్పుడు, నాకెప్పుడూ చెప్పనివన్నీ చెప్తున్నారు.

"ఆ బావి అందరిదా తాతా?"

బాపు మాట్లాడలేదు. నెట్ ఆగిందేమో అనుకున్నా. ఆగలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది ఆయన వెనక.

"ఛార్జింగ్ అయిపోతున్నది బిడ్డా, మళ్ళ చేస్త" అని పెట్టేశారు.

"తాతని అలా అడగొచ్చా?" అన్నాను. "ఎలా?" అంది. నిజానికి దానికేం తెలుసని? తెలిసింది నాకు. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది, బాపుకప్పుడు ఆరేళ్ళు. అయినా నా చిన్నతనంలో కూడా మా ఊళ్ళో రెండు బావులుండేవి. రెండోది ఎక్కడుందో నేనెప్పుడూ చూడలేదు. చూడాలని కూడా అనుకోలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి వాట్సాప్‌లో బాపు వాయిస్ మెసేజ్. పదకొండు నిమిషాలు. వంటింట్లో ఇద్దరం కూర్చుని విన్నాం.

"బిడ్డను రాసుకొమ్మను. అందరిది కాదు. ఆ వాడోళ్ళు కుండలు పట్టుకొని దూరంగ నిలవడేటోళ్ళు, ఎవలన్న తోడి పొయ్యాలె. మా అవ్వ పోసేది, పైనుంచి. నాకు ఎనిమిదేండ్లప్పుడు నా అంత పిలగాడు ఒక్కడే వచ్చిండు. ఎంతసేపు నిలవడ్డడో. నేను బొక్కెన తీసి ఆయన చేతికే ఇచ్చిన. ఆ రాత్రి మా నాయిన చేంతాడుతోనే కొట్టిండు నన్ను. ఆ పిలగాన్ని ఏం చేసిన్రో నేను అడగలే." తర్వాత చాలాసేపు ఫ్యాను చప్పుడే. "ఆయన పేరు యాదికొస్తలేదు. రాత్రంత పండుకోలే, యాది చేసుకుంటనే ఉన్న."

దానికి బాపు యాస సగం అందదు. పెన్సిలు పట్టుకుని అడుగుతోంది.

"చేంతాడు అంటే?"

"బావిలోంచి నీళ్ళు తోడే తాడు."

"యాదికి అంటే?"

"గుర్తుకి."

రాసుకుంది. మెసేజ్ మళ్ళీ మొదట్నుంచి పెట్టింది.