ఒకటో తారీఖు ఖర్చులు

అమెరికా వచ్చిన కొత్తలో ఏది కొన్నా మనసులో రూపాయల్లోకి మార్చేసేవాణ్ణి. కాఫీ తాగినా లెక్కే, జుట్టు కత్తిరించుకున్నా లెక్కే. ఆ జబ్బు వదలడానికి ఏడాది పైనే పట్టింది. వదిలాక తెలిసింది, నేను అనవసరమైన చోట టెన్షన్ పడుతున్నానని. చూడాల్సింది ధర కాదు, జీతంలో ఎన్నో వంతు ఎటు పోతోందన్నది.

ఇండియాలో మా నాన్న ఖర్చుల పుస్తకం రాసేవారు. పాలు, కూరలు, గ్యాస్, ఫీజులు, అట్టడుగున 'ఇతరములు'. డబ్బు ఆడని నెలలో కూరల దగ్గర అంకెలు చిన్నవయ్యేవి, ఇతరములు మాయమయ్యేవి. ఇక్కడ నేనూ ఎక్సెల్‌లో రాస్తాను. ఒకటిన అద్దె, మూడున కారు లోను, దాని వెనకే కారు ఇన్సూరెన్స్. హెల్త్ ఇన్సూరెన్స్ జీతం చేతికి రాకముందే కట్ అయిపోతుంది. ఐదో తారీఖుకి సగం పైన ఖాళీ. అప్పటికి నేనింకా ఒక్క ఉల్లిపాయ కూడా కొని ఉండను.

ఇది నా ఒక్కడి గోలేం కాదు. 2023లో ఇక్కడి సగటు కుటుంబం 77,280 డాలర్లు ఖర్చు పెడితే, అందులో దాదాపు 33 శాతం ఇంటికి, 17 శాతం రవాణాకి పోయింది. తిండికి 13 శాతమే. ఇండియాలో 2023-24 సర్వే ప్రకారం తిండి వాటా పల్లెల్లో 47 శాతం, పట్టణాల్లో 40 శాతానికి దగ్గర. రెండు సర్వేల లెక్క పద్ధతి ఒకటి కాదు కాబట్టి పోలిక అంత సాఫీ కాదనుకోండి. ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని 1857లోనే ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంక నిపుణుడు చెప్పాడు. అంటే మేమిక్కడ తక్కువ తింటున్నామని కాదు. నా బెల్టే సాక్ష్యం.

ఇంకో తేడా, ఇక్కడ వస్తువు చవక, మనిషి చెయ్యి ఖరీదు. వాక్యూమ్ క్లీనర్ ఆగిపోతే, వచ్చి చూడడానికే మెకానిక్ అడిగింది కొత్తదాని ధరకి కాస్త తక్కువ. పారేశాను. మిక్సీని నాలుగుసార్లు బాగు చేయించి వాడిన ఇంట్లో పుట్టినవాణ్ణి, రెండు రోజులు మనసొప్పలేదు.

అసలు తేడా మాత్రం ఉద్యోగం పోయినప్పుడు తెలిసింది. ఉద్యోగం లేకుండా నా వీసా మీద ఇక్కడ ఉండడానికి గడువు మహా అయితే 60 రోజులు, అదొక దడ. దానికి తోడు హెల్త్ ఇన్సూరెన్స్. అంతవరకు కంపెనీ కట్టిన వాటా కూడా నేనే కట్టుకుంటే కొనసాగించుకోవచ్చన్నారు, పైన 2 శాతం దాకా చార్జీ. జీతం ఆగాక ఖర్చు తగ్గాలి కదా, ఆ గడిలో అంకె పెరిగింది. బయట తిండి మానేశాం, సినిమాలు మానేశాం. నెలాఖరుకి కూడితే మిగిలింది కారు లోనులో ఒక మూలకి కూడా రాలేదు.

ఆ రాత్రి నాన్న ఫోన్ చేశారు.

"కూరల దగ్గర కాస్త చూసుకోరా" అన్నారు.

"కూరలు ఎనిమిదో వరసలో ఉన్నాయి నాన్నా."

"మరి పైన ఏడు వరసల్లో ఏమున్నాయిరా?"

చదివి వినిపించాను. మధ్యలో ఆయన ఒక్క మాట కూడా అనలేదు.