రోజూ నడపడానికి సెకండ్ హ్యాండ్ క్వాట్రోపోర్టే: నా అనుభవం

ఇటలీ కంపెనీ మసెరాటి చేసే నాలుగు డోర్ల లగ్జరీ కారు క్వాట్రోపోర్టే. అందులో ఐదో తరం కారు మీద నాకు ఎన్నాళ్లుగానో మనసు. ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనాలో ఉండగా జపాన్ డిజైనర్ కెన్ ఒకుయామా గీసిన ఆ రూపం 2003లో జనం ముందుకొచ్చింది. నా కళ్లకు అది ఇప్పటికీ కొత్తగానే ఉంది. నేను అనుకున్నది సెలవు రోజున మాత్రమే బయటికి తీసే కారు కాదు, రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే కారు. అందుకే రంగు, సీట్లు చూడకముందే గేర్‌బాక్స్ సంగతి తేల్చుకున్నాను.

మొదట్లో వచ్చిన కార్లలో ఉండేది డుయోసెలెక్ట్ అనే గేర్‌బాక్స్. అందులో మామూలు క్లచ్చే ఉంటుంది గానీ, దాన్ని నొక్కే పని మన కాలిది కాదు, హైడ్రాలిక్స్‌ది. ఖాళీ రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు చాలా బాగుంటుంది. ట్రాఫిక్‌లో మెల్లమెల్లగా జరుగుతున్నా, ఎత్తు మీదికి రివర్స్ తీస్తున్నా క్లచ్ జారుతూ అరిగిపోతుంది. 2007లో జర్మనీ గేర్‌బాక్స్ కంపెనీ జడ్‌ఎఫ్ వాళ్ల ఆరు గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. దానికి ఆ క్లచ్ బదులు, ఆయిల్ ద్వారా ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు.

ఇంజిన్‌లోనూ తేడా ఉంది. రెండిటికీ ఫెరారీ తయారుచేసిన 4.2 లీటర్ల వి8 ఇంజినే, సుమారు 400 హార్స్‌పవర్. కాకపోతే డుయోసెలెక్ట్ కార్లకు డ్రై సంప్, అంటే ఇంజిన్ ఆయిల్ విడి ట్యాంకులో ఉంటుంది; ఆటోమేటిక్‌కు వెట్ సంప్, అంటే ఆయిల్ ఇంజిన్ అడుగునే ఉంటుంది. వాల్వ్ టైమింగ్ మార్చే వేరియేటర్లు పాడయ్యాయన్న ఫిర్యాదు పాత డ్రై సంప్ ఇంజిన్ల విషయంలోనే ఎక్కువగా వినపడుతుంది. వాటి రిపేరుకు చాలా ఖర్చవుతుంది. డుయోసెలెక్ట్ ఎంత తక్కువకు వచ్చినా వద్దనుకున్నాను.

కారు చూడ్డానికి వెళ్లే ముందు అమ్మేవాళ్లను ఒక్కటే అడిగేవాణ్ణి: నేనొచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి. చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ అయిన మొదటి క్షణాల్లో గలగలమని చప్పుడు వస్తే దాని సంగతి చూడాల్సిందే. ఒకాయన కారు అద్దంలా మెరుస్తోంది, బానెట్ మీద చెయ్యి పెడితే మాత్రం వెచ్చగా తగిలింది. "ఇప్పుడే కడిగించుకొచ్చానండీ" అన్నారు. నిజమే కావచ్చు. "రేపు పొద్దున మళ్లీ వస్తాను, అప్పటిదాకా కదపకండి" అంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆ కారు అక్కడితో వదిలేశాను.

కొన్నది 2008 ఆటోమేటిక్. నేను చూసిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ తిరిగింది అదే. అయినా సర్వీసు బిల్లులన్నీ తేదీల వరసన ఫైల్లో ఉన్నాయి. ఏళ్ల తరబడి కదలకుండా పడున్న కారుకంటే, తిరుగుతూ టైముకు ఆయిల్ మార్చుకున్న కారునే నమ్ముతాను. అయినా ఈ కార్లు బాగా తెలిసిన మెకానిక్ చేత లిఫ్ట్ మీద చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వలేదు. ఆ రిపోర్టు వచ్చేదాకా టెన్షనే. ముందు చక్రాల సస్పెన్షన్‌లో రబ్బరు బుష్‌లు పగిలాయి, ఒక బాల్ జాయింట్ లూజుగా ఉంది. స్కైహుక్ డాంపర్లలో లీకు లేదు. అవి కుదుపులు తగ్గించే ఎలక్ట్రానిక్ షాక్ అబ్జార్బర్లు, మార్చాలంటే బాగా ఖరీదు. లోపల కొన్ని బటన్లు చేతికి జిగటగా అంటుకుంటున్నాయి, ఈ కార్లలో అది మామూలే. సస్పెన్షన్ పని ఖర్చు ధరలోంచి తగ్గించమని అడిగితే, రిపోర్టు చదివి ఓనరుగారు సరేనన్నారు.

ఇప్పుడు రోజూ నడుపుతున్నాను. పెట్రోలు బాగా తాగుతుంది. ఐదు మీటర్లు దాటిన పొడవు కాబట్టి పార్కింగ్ చోటు చూసుకునే వెళ్లాలి. ఆయిల్ వేడెక్కేదాకా ఇంజిన్‌ను ఎక్కువ తిప్పను. కొన్ని రోజులు ఊళ్లో ఉండకపోతే బ్యాటరీకి చార్జర్ తగిలించి వెళ్తాను. ఆయిల్ వేడెక్కాక రోడ్డు ఖాళీగా దొరికి యాక్సిలరేటర్ తొక్కితే, ఆ వి8 గొంతు విప్పే తీరుకు ఈ ఖర్చంతా సబబే అనిపిస్తుంది. కొనేటప్పుడు చేతిలో ఉన్న డబ్బంతా కారుకే పెట్టకుండా రిపేర్లకని కొంత విడిగా ఉంచాను. బుష్‌లు, బాల్ జాయింట్ల పని అందులోంచే అయిపోయింది, వచ్చే సర్వీసులో గేర్‌బాక్స్ ఆయిల్ మార్పిస్తున్నాను.